పోయినట్టే అన్న మాట

పిడుగురాళ్ల,
12 జూన్ 1984.

సరస్వతమ్మ టీచరమ్మ గారికి,

ఖైరున్నీసా సలాములు. నేను గుర్తున్నానో లేదో. గురజాల హైస్కూల్లో పదో తరగతి దాకా మీ దగ్గర ఇంగ్లీషు చదివాను. జాన్ సాహెబ్ టైలర్ కూతుర్ని. మీ జాకెట్ల కొలతకి మా నాన్న నన్నే మీ ఇంటికి పంపేవాడు. మీరు కొలత జాకెట్టు చేతికిచ్చి, ఒక స్పెల్లింగు అడిగి గాని వదిలేవారు కాదు. రిటైరయ్యాక మీరు వినుకొండలో ఉంటున్నారని నాన్న చెప్పి చిరునామా ఇచ్చాడు.

నాకు పెళ్ళయి పిడుగురాళ్ల వచ్చాను. మా ఆయన పేరు నూర్ మొహమ్మద్. ఇక్కడ సున్నపు బట్టీలో పని. ఇంట్లో మా అత్త చాంద్ బీ, మేమిద్దరం. నాకిప్పుడు ఐదో నెల. అందరం క్షేమం.

ఒక సందేహం అడుగుదామని రాస్తున్నాను. 'యాజ్ గుడ్ యాజ్' అంటే ఏమిటండీ? మీరు బోర్డు మీద 'రాము ఈజ్ యాజ్ టాల్ యాజ్ గోపి' అని రాసి, ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టి చూపించారు. అది గుర్తుంది. ఇది కూడా అట్లాంటిదే, 'అంత మంచిది' అని అర్థం అనుకుంటున్నాను. పక్కింటి పిల్ల అడిగింది, చెప్పాలి. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఎవరి గురించైనా ఆ మాట అంటే అది మంచి కబురే కదండీ?

జాబు తొందరగా రాయగలరు.

మీ
ఖైరున్నీసా


వినుకొండ,
19 జూన్ 1984.

చిరంజీవి ఖైరున్నీసాకు,

ఆశీస్సులు. గుర్తులేకపోవడమేమిటే! 'నైఫ్'లో కె ఎందుకు పలకదని నాతో వాదం పెట్టుకుని, పలకనిదాన్ని రాయనని మొండికేసినదానివి నువ్వు కాదూ? తల్లివి కాబోతున్నావని చదివి సంతోషించాను. నాకు మోకాళ్ళు పట్టేశాయి. గడప దాటి వీధిలోకి దిగడమే పెద్ద పనిగా ఉంది. ఉత్తరాలొస్తే ప్రాణం లేచొస్తుంది.

ఇక నీ సందేహం. నువ్వనుకున్న అర్థం ఉంది. 'ఈ చీర కొత్తదానంత బాగుంది' అనేటప్పుడు యాజ్ గుడ్ యాజ్ అంటారు. కానీ ఆ మాటకి ఇంకో వాడకం ఉంది, అది మీకు పదో తరగతిలో రాలేదు. అక్కడ 'గుడ్' అంటే మంచి అని కాదు. మనం తెలుగులో 'పని అయినట్టే' అంటాం చూడు, ఆ 'ట్టే' చేసే పనే అది చేస్తుంది. యాజ్ గుడ్ యాజ్ డన్, అంటే పని అయిపోయినట్టే. ఇది మంచి కబురు. యాజ్ గుడ్ యాజ్ లాస్ట్, అంటే ఓడిపోయినట్టే. ఇది చెడ్డ కబురు. కాబట్టి ఆ మాట ఒక్కటే చెప్పి మంచిదా చెడ్డదా అంటే ఎవరూ చెప్పలేరు. దాని ముందేమన్నారు, వెనకేమన్నారు, ఎవరు ఎవరి గురించి అన్నారు, ఇవన్నీ కావాలి.

పక్కింటి పిల్లనడిగి పూర్తి వాక్యం రాయి. నీ రాత ముత్యాల్లా ఉండేది. ఈ ఉత్తరంలో అక్షరాలు వణికాయి. ఒంట్లో బాగుందా?

ఆశీస్సులతో,
సరస్వతమ్మ


పిడుగురాళ్ల,
27 జూన్ 1984.

టీచరమ్మ గారికి సలాములు.

పక్కింటి పిల్ల లేదండీ. మీ దగ్గర అబద్ధం ఆడితే నిలవదని ఉత్తరం పోస్టు డబ్బాలో వేసినప్పుడే అనుకున్నాను.

మే నెలలో బట్టీ దగ్గర ప్రమాదం జరిగింది. కాల్చిన సున్నం మీద నీళ్ళు పోస్తే ఎట్లా ఉడుకుతుందో మీకు తెలుసు కదా. ఆ రోజు తొట్టిలో ఉడుకుతున్న సున్నం ఒక్కసారిగా చిమ్మి మా ఆయన ముఖాన పడింది. రెండు కళ్ళలోనూ పడింది. మోసుకొచ్చి లారీలో గుంటూరు కళ్ళాసుపత్రికి తీసుకుపోయారు. కుడి కన్ను లాభం లేదని మొదటి రోజే చెప్పేశారు. ఎడమ కంటికి మందులు వేస్తూ అక్కడే ఉంచుకున్నారు.

ఇంటికి పంపే రోజు పెద్ద డాక్టరు, ఆయన వెనక చదువుకునే డాక్టర్లు వచ్చారు. కట్టు విప్పారు. పెద్ద డాక్టరు మా ఆయన గడ్డం పట్టుకుని, చిన్న లైటు వేసి అటూ ఇటూ తిప్పి, "వెలుగు ఎటుంది?" అని అడిగాడు. మా ఆయన వేలితో ఒక వైపు చూపించాడు. డాక్టరు లైటు ఇంకోవైపు పెట్టి మళ్ళీ అడిగాడు. ఆయన మళ్ళీ ముందు చూపించిన వైపే చూపించాడు. "నొప్పి ఎట్లా ఉంది?" అంటే, "చానా తగ్గింది సార్" అన్నాడు. అప్పుడు డాక్టరు గడ్డం వదిలేసి, ఆ చదువుకునేవాళ్ళ వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అన్నాడు. మొదటి ముక్క నాకు అందలేదు. చివర మాత్రం స్పష్టంగా విన్నాను. యాజ్ గుడ్ యాజ్ గాన్.

గాన్ అంటే గో యొక్క మూడో రూపం, పోయింది అని అర్థం. అంతకుముందే నొప్పి సంగతి అడిగాడు కదా. మీరు చెప్పిన ప్రకారం చూస్తే 'పోయినట్టే' అని తేలింది. పుండూ నొప్పీ పోయినట్టే అని కదండీ ఆయనన్నది? గుడ్ అన్న మాట వినగానే నేను వరండాలోనే మా ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. "డాక్టరు మంచిదన్నాడయ్యా, నా చెవులతో విన్నా!" అన్నాను. ఇంటికొచ్చాక మా అత్త ఫాతెహా చదివించి వీధంతా చక్కెర పంచింది.

రోజూ పొద్దున్నే ఆయన్ని గుమ్మంలో తూర్పుకి కూర్చోబెట్టి, వెలుగు కనపడుతోందా అని అడుగుతున్నాను. మొన్న, "కొంచెం తెల్లగా కనపడతాంది ఖైరూ" అన్నాడు.

మీరు ఒక్క మాట రాస్తే నాకు ధైర్యంగా ఉంటుంది.

ఖైరున్నీసా


వినుకొండ,
10 జూలై 1984.

చి. ఖైరున్నీసాకు,

నీ ఉత్తరం అందింది. ఇంత కష్టం పడి నాకు ఒక్క ముక్క రాయలేదేమే అని కోప్పడదామనుకున్నాను. చేతులు రాలేదు.

డాక్టర్ల ఇంగ్లీషు వేరుగా ఉంటుంది. మొదటి ముక్క వినకుండా అర్థం చెప్పడం కష్టం. ఎన్ని విధాలుగానైనా అర్థం చేసుకోవచ్చు. వీలు చూసుకుని ఇంకోసారి ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళి, తెలుగులోనే అడిగి తెలుసుకోండి. ఈలోగా నూర్ మొహమ్మద్‌ను ఒంటరిగా బయటికి పంపవద్దు. బట్టీ దగ్గరికి అసలు వెళ్ళనివ్వకు.

నువ్వు వేళకి తిను. బరువులెత్తకు. పాత మెత్తటి చీరలు కొన్ని చింపి, బిడ్డకి గుడ్డలు కుట్టి పంపుతున్నాను.

సరస్వతమ్మ


పిడుగురాళ్ల,
22 ఆగస్టు 1984.

టీచరమ్మ గారికి సలాములు.

గుడ్డలు అందాయి. మా అత్త వాటిని చెంపకి ఆనించుకుని చూసి, "ఏ తల్లి పంపిందో, సల్లగుండాలి" అంది.

మీ ఉత్తరం చదివి కొంచెం దిగులేసిన మాట నిజం. మీరు లెక్కల మాస్టారిలాగా రాశారు, మీలాగా రాయలేదు. అయినా ఇప్పుడు ఆ దిగులు లేదు. మా ఆయనకి చూపు వస్తోంది! పోయిన వారం నేను గుమ్మంలో నిలబడి ఉంటే, "ఎర్ర చీర కట్టుకున్నావేందే ఇయ్యాల?" అన్నాడు. నిజంగా ఎర్ర చీరే. నేను ఏడ్చేశాను. మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి కొడుకు తల నిమిరింది. ఆమె ఎందుకో ఒక్క మాటా అనలేదు. ఎక్కువ సంతోషమొస్తే మనుషులు అట్లాగే అయిపోతారేమో.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోదామంటే ఆయన ఒప్పుకోవడం లేదు. "కనపడతాంటే ఇంకా డాక్టరెందుకే, పురుడు కానీ" అంటున్నాడు. బిడ్డ పుట్టేనాటికి ముఖం చూసేంత చూపు వస్తుందట. కొడుకైనా కూతురైనా ముందు తన చేతికే ఇవ్వాలని మా అత్త దగ్గర మాట తీసుకున్నాడు.

నేనడిగిన దానికి మీరు ఇంకా సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోయినా పరవాలేదు లెండి. జవాబు నా కళ్ళ ముందే ఉంది.

ఖైరున్నీసా


పిడుగురాళ్ల,
3 నవంబరు 1984.

టీచరమ్మ గారికి,

ఆగస్టులో రాసిన ఉత్తరానికి జవాబు లేదు. మీ ఆరోగ్యం బాగుందనుకుంటాను.

పోయిన నెల నాకు ఆడపిల్ల పుట్టింది. పురుడు ఇంట్లోనే పోశారు. మంత్రసాని అమీనా బీ చెయ్యి తిరిగిన మనిషి, ఏ ఇబ్బందీ కాలేదు. ఆ రోజు జరిగింది మీకు చెప్పాలి. ఇంకెవరికీ చెప్పలేను.

బిడ్డకి నీళ్ళు పోసి, మీరు పంపిన గుడ్డలో చుట్టి, అమీనా బీ చేతుల్లో పెట్టుకుని గోడ వారగా నిలబడింది. మా అత్త బయటికెళ్ళి కొడుకుని పిలుచుకొచ్చింది. ఆయన తడుముకుంటూ వచ్చి నా మంచం పక్కన నిలబడ్డాడు. నా పక్కన బొంత ఖాళీగా ఉంది. ఆయన ఆ ఖాళీ బొంత మీదికి వంగి, మురిసిపోతూ, "అబ్బ! అచ్చం మా అమ్మేనే! ఆ ఎరుపు సూడు, ఆ ముక్కు సూడు!" అన్నాడు.

అప్పుడు బిడ్డ ఆయన వీపు వెనక నుంచి ఏడ్చింది.

ఆయన తల తిప్పలేదు. అట్లాగే వంగి, ఆ బొంత అంచు పట్టుకుని ఉండిపోయాడు. మా అత్త కొంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. అమీనా బీ ఆయన భుజం పట్టి తిప్పి, బిడ్డని చేతుల్లో పెట్టింది. ఎర్ర చీర సంగతి ఆ రోజు మా అత్తే ఆయనకి ముందుగా చెప్పిందని తర్వాత ఒప్పుకుంది. "నువ్వు రోజూ అట్టా అడగతాంటే నా కొడుకు మొకం సూళ్ళేక సెప్పానమ్మా" అంది.

అప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. నేనూ అడగలేదు. గుమ్మంలో కూర్చోబెట్టడం మానేశాను.

టీచరమ్మ గారూ, ఇప్పుడు అడుగుతున్నాను. ఆ డాక్టరు అన్నదేమిటి? నాకు వ్యాకరణం వద్దు. అర్థం చెప్పండి.

ఖైరున్నీసా


వినుకొండ,
9 నవంబరు 1984.

అమ్మా ఖైరున్నీసా,

ఆ డాక్టరు అన్నది చూపు గురించి. ఎడమ కంటి చూపు కూడా పోయినట్టే అన్నాడు. లైటు ఎటు తిప్పినా నీ భర్త ఒకే వైపు చూపించాడని నువ్వు రాసిన చోటే నాకు తెలిసిపోయింది. జూన్ నెలాఖరులోనే తెలిసింది. తెలిసే నీకు 'ఎన్ని విధాలుగానైనా అర్థం చేసుకోవచ్చు' అని రాశాను. అది అబద్ధం. ఆ మాటకి అక్కడ ఒకటే అర్థం. తర్వాత నీ ఆగస్టు ఉత్తరం వచ్చింది. చూపు వస్తోందని నువ్వు రాసిన ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని, జవాబు మొదలుపెట్టి, చించేసి, మళ్ళీ మొదలుపెట్టి, చివరికి ఏమీ రాయలేకపోయాను.

ఎందుకో చెబుతాను. సమర్థించుకోవడానికి కాదు. మా ఆయన లక్ష్మీనారాయణ గారు కాలేయం చెడి మంచాన ఉన్నప్పుడు డాక్టరు నన్ను గది బయటికి పిలిచి, ఇక ఆశ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నేను కళ్ళు తుడుచుకునే లోపలికెళ్ళాను. ఆయన నా ముఖం ఒక్కసారి చూశారు. "సరే సరసూ" అని గోడ వైపు తిరిగారు. అంతే. ఆ తర్వాత గుటక మింగలేదు, ఎవరినీ పలకరించలేదు. అంతకుముందు రోజు దాకా పెరట్లో బెండ విత్తనాలు పెట్టావా అని అడిగిన మనిషి. నాకు ఆ సంగతి తెలియకపోయుంటే ఇంకొన్నాళ్ళు నాతో కబుర్లు చెప్పేవారని నాకు ఈనాటికీ ఉంది. నీ ఉత్తరం చదవగానే, నీ ముఖం చూడలేనివాడికి నీ గొంతు చాలునే, అందులో తెలిసిపోతుందే అని భయపడ్డాను. కడుపుతో ఉన్నదానివి, కనీసం పురుడు గడవనీ అనుకున్నాను.

అతను అంతకు ముందే అన్నీ తెలుసుకుని, నీ కోసం చూస్తున్నట్టు నటిస్తున్నాడని నాకు తట్టలేదు.

పాపని ఎత్తుకో. అతన్ని మాట్లాడించు. నాకు రాయాలనిపిస్తే రాయి.

సరస్వతమ్మ


పిడుగురాళ్ల,
17 నవంబరు 1984.

టీచరమ్మ గారికి,

ఉత్తరం అందింది.

మీరు జూన్‌లో చెప్పి ఉంటే నేను రోజూ పొద్దున్నే ఆయన్ని గుమ్మంలో కూర్చోబెట్టి, "కనపడతాందా? ఇయ్యాల కనపడతాందా?" అని ప్రాణం తీసేదాన్ని కాదు. ఆయన ఎండలోకి ముఖం పెట్టి, నాకు ఏ జవాబు చెప్పాలా అని వెతుక్కునేవాడు. మా ఇంట్లో ముగ్గురం ఉన్నాం. ఇద్దరికి తెలుసు. వినుకొండలో మీకు తెలుసు. తెలియనిది నాకొక్కదానికే.

ఇప్పుడు ఇంతకంటే రాయలేను.

ఖైరున్నీసా


పిడుగురాళ్ల,
21 ఫిబ్రవరి 1985.

టీచరమ్మ గారికి సలాములు.

మీరు సంక్రాంతి ముందు రాసిన కార్డూ, మొన్నటి కార్డూ అందాయి. మీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ మీకు రాయకుండా ఉండలేకపోతున్నాను.

పోయిన వారం ఆయన్ని ఒప్పించి గుంటూరు తీసుకెళ్ళాను. పాపని కూడా తీసుకెళ్ళాను. అదే డాక్టరు. మీరన్నట్టే తెలుగులో అడిగాను. "అయ్యా, ఈయనకి ఎప్పటికైనా చూపొస్తుందా?" ఆయన లైటు వేసి చూసి, నా చేతిలో పాపని చూసి, "రాదమ్మా" అన్నాడు. అంతే. ఇంత చిన్న మాట. అది వినడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది.

తిరుగు బస్సులో సత్తెనపల్లి దాటాక ఆయన తనంతట తానే నోరు విప్పాడు.

"ఆ రోజు నా గడ్డం ఒదిలేసిన తీరులోనే తెలిసిందే నాకు. పనికిరాని రాయిని పక్కన పడేసినట్టు ఒదిలేశాడు. ఇంగిలీషు ఎవడికి కావాల."

"మరి నాకెందుకు చెప్పలా?"

"నువ్వు వరండాలో నా చెయ్యి పట్టుకుని ఎగురుతుండావు. మంచిదన్నాడు, మంచిదన్నాడు అంటా. కడుపుతో ఉన్నదానివి. ఎట్టా సెప్పేది? ఇయ్యాల కాకపోతే రేపు సెబుదామనుకున్నా. రేపు నువ్వు మళ్ళీ అడిగేదానివి."

"నేనడగటం నీకు అంత కష్టమయిందా?"

"కష్టం కాదే. నువ్వు అడిగేటప్పుడు నీ గొంతు బాగుండేది."

అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. బస్సు నిండా జనం. ముందు సీట్లో ముసలాయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగి కూర్చున్నాడు. ఆ కళ్ళలో చూపైతే పోయింది గాని నీళ్ళు పోలేదు టీచరమ్మ గారూ. నా భుజం తడిసిపోయింది. ప్రమాదం జరిగినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు. పిడుగురాళ్ల వచ్చేదాకా ఎవరూ మమ్మల్ని పలకరించలేదు.

ఇప్పుడు మా అత్త బట్టీ దగ్గర కూలికి పోతోంది. ఏ సున్నం తన కొడుకు కళ్ళు తీసుకుందో దాన్నే గంపలకెత్తుతోంది. సాయంత్రం వచ్చి, ఒళ్ళంతా కడుక్కుని గాని పాపని ముట్టుకోదు. నేను ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెబుతున్నాను. ఆయన గుమ్మం లోపల కూర్చుని పాపని ఆడిస్తాడు. ఆయనకి చెయ్యడానికి ఇంకేం పని దొరకలేదు. దొరుకుతుందో లేదో కూడా తెలియదు.

నిన్న పాపకి నీళ్ళు పోసి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను. ఆయన అడిగాడు.

"ఖైరూ, పిల్ల ఎట్టుంటదే?"

నాలిక చివరిదాకా వచ్చింది, అచ్చం మీ అమ్మే అని. ఆపుకున్నాను. ఆయన పక్కన కూర్చుని, "నల్లగా ఉంటదయ్యా. మీ అమ్మ రంగు రాలా. ముక్కు మా నాన్నది, చట్టి ముక్కు. నుదురు ఎత్తుగా ఉంటది. జుట్టు ఇంకా సరిగా రాలా. నవ్వితే మాత్రం కుడి బుగ్గన చిన్న సొట్ట పడతది" అన్నాను.

ఆయన పాపని ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, "అయితే ఇన్నాళ్ళూ నేనెత్తుకుంది ఏరే పిల్లనన్న మాట" అన్నాడు.

అని పాప ముక్కు మీద వేలు పెట్టాడు. నుదురు తడిమాడు. సొట్ట ఎక్కడో చూపించమని నా చెయ్యి అడిగాడు. పాప నవ్వేదాకా ఇద్దరం అట్లాగే కాచుకుని కూర్చున్నాం.

మీ
ఖైరున్నీసా